రానివాళ్ళ పేర్లు

ప్రార్థన మందిరం వెనక గది
జూన్ 14

అక్కా,

రెండు నెలలుగా ఉత్తరం లేదని పళ్ళు నూరుతుంటావని తెలుసు. ఫోన్ చేసేద్దామంటే నీకు ఫోనంటే గిట్టదు. "ఫోన్లో బాగున్నాం అనేసి పెట్టేస్తావు, కాగితం మీద అబద్ధమాడటం నీకు చేతకాదు" అన్నావుగా. అందుకే బుద్ధిగా కూర్చుని రాస్తున్నాను.

ఈ ఏడు మన బడిలో తొమ్మిది వందల నలభై మంది. మందిరం కుర్చీలు దాచుకునే గదిలో పదకొండు మందితో నువ్వు మొదలుపెట్టిన బడి ఇది. బీరువా తలుపుకి నల్లరంగు పూసి దాని మీద రాసేదానివి, గుర్తుందా? ఇప్పుడు ఓడరేవు పని మీద వచ్చిన ఇంజనీర్ల పిల్లలు అయిదు దేశాల వాళ్ళున్నారు. మందిరం పెద్దాయన పోయేముందు పెట్టిన షరతు మాత్రం తప్పలేదు. సగం సీట్లు చుట్టుపక్కల వీధుల వాళ్ళకే. పడవలు బాగుచేసేవాడి కొడుకు పక్కనే రేవు పెద్ద ఇంజనీరు కూతురు కూర్చుంటుంది. ఇద్దరూ ఒకరి భాషలో ఒకరు తిట్టుకోవడం ముందే నేర్చేసుకున్నారు.

అంతర్జాతీయ గుర్తింపు కోసం వచ్చిన తనిఖీ వాళ్ళు మూడు రోజులున్నారు. ఆవరణలోని ఆసుపత్రి గదీ, తల్లులకి సాయంత్రం చెప్పే చదువూ చూసి తెగ మెచ్చుకున్నారు. ఒక్క దగ్గర మాత్రం పెదవి విరిచారు. నువ్వు పెట్టిన పద్ధతి దగ్గర.

పొద్దున్న ప్రార్థనలో రానివాళ్ళ పేర్లు చదవడం, పేరు వినగానే ఆ పిల్లల ఇంటి దగ్గరుండేవాళ్ళు ముందుకు రావడం, మధ్యాహ్నం టీచరుతో కలిసి వెళ్ళి ఆ ఇంటి తలుపు తట్టడం. పదకొండు మంది ఉన్నప్పుడు అది ఒక నిమిషం. ఇప్పుడు రోజూ అరవై డెబ్భై పేర్లు. గడియారం పెట్టుకుని చూశారు, ఇరవై రెండు నిమిషాలు పట్టింది. చిన్నపిల్లలు నిలబడలేక ఊగిపోతున్నారు. మూడో తరగతి పిల్ల ఒకతి కళ్ళు తిరిగి పడిపోయింది కూడా. రానివాళ్ళ ఇంటికి మెసేజ్ పంపే యంత్రం ఒకటుందట, అది పెట్టుకోమన్నారు.

నువ్వు పెట్టినదాన్ని నీ మాట లేకుండా ముట్టుకోను. ఏం చెయ్యమంటావు?

నీ తమ్ముడు


ఆడపడుచు ఇల్లు, మేడ మీద గది
జూన్ 22

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, మా వదినగారికి రెండుసార్లు చదివి వినిపించాను. పక్షవాతం ఆవిడ కుడిచెయ్యిని పట్టుకుంది గానీ నోటి జోలికి పోలేదు. "ఆ బడి కోసం మా అన్నయ్యకి వేళకింత వండిపెట్టలేదు నువ్వు, ఇప్పుడు చూడు ఎంతైందో" అని మెచ్చుకుంది. దాన్ని మెచ్చుకోవడమే అనుకోవాలి.

తొమ్మిది వందల నలభై! నా మోకాళ్ళు ఊరికే పోలేదన్నమాట.

పేర్ల సంగతికి ఇంత మొహమాటమెందుకురా? పిల్లలు కళ్ళు తిరిగి పడిపోతుంటే పద్ధతి పట్టుకుని వేళ్ళాడతామా? పేర్లు చదవడం మానెయ్. ఈ రోజు రానివాళ్ళందరి కోసం అని కలిపి ఒక్క ప్రార్థన చెయ్యి, చాలు. దేవుడికి పేర్లు తెలుసు.

మా ఎందుకమ్మ ఎలా ఉంది? దానికి అక్షరాలు దిద్దించి నేను బయల్దేరి వచ్చేశాను, ఆ దిగులు పోవట్లేదు. "అ తర్వాత ఆ ఎందుకు రావాలి?" అని అడిగిన మొండిఘటం. దానికా పేరు పెట్టింది నేనే గానీ, ఇప్పుడు వాళ్ళమ్మ కూడా అలాగే పిలుస్తోందట. ఇస్త్రీ షెడ్డులో వేడికి వాళ్ళమ్మకి పట్టుకున్న దగ్గు తగ్గిందా? కొత్త భవనం కట్టాక సైన్సు గదిలో మొదటి బల్ల నీదే అని దానికి మాటిచ్చాను. నా మాట పోనివ్వకు.

అక్క


కొత్త ఆఫీసు గది
జూలై 10

అక్కా,

నీ మాట ప్రకారమే చేశాం. ప్రార్థన నాలుగు నిమిషాల్లో అయిపోతోంది. పాఠాలు వేళకి మొదలవుతున్నాయి, టీచర్లు నీకు దండం పెడుతున్నారు. తొమ్మిదింపావుకల్లా యంత్రం తనంతట తనే మెసేజ్‌లు పంపేస్తుంది. "మీ పాప ఈ రోజు బడికి రాలేదు. మీ కుటుంబం కోసం ప్రార్థిస్తున్నాం." మాటలు నేనే రాశాను, బాగున్నాయా?

నీ వాక్యం చదివి పాలకమండలి వాళ్ళు మురిసిపోయారు. "దేవుడికి పేర్లు తెలుసు" అని పాలరాతి మీద చెక్కించి కొత్త భవనం గుమ్మం పక్కన పెడతారట. కింద నీ పేరు వద్దన్నాను. నీకు నచ్చదని తెలుసు.

ఎందుకమ్మ నా గదిలోకి వచ్చింది. తలుపు తట్టడం, అనుమతి అడగడం అలాంటివేం లేవు. "సార్, పేర్లు చదవడం ఎందుకు మానేశారు?" అంది. "దేవుడికి తెలుసమ్మా ఎవరు రాలేదో" అన్నాను. కాసేపు ఆలోచించి, "ఆయనకి తెలుసు సరే, మరి నాకెలా తెలుస్తుంది?" అంది. నాకు నవ్వాగలేదు. క్లాసుకి పొమ్మన్నాను. అచ్చం నీ శిష్యురాలే.

వాళ్ళమ్మ బాగానే ఉంది. మన టీచర్ల బట్టలన్నీ ఇప్పుడు ఆవిడ దగ్గరికే వెళ్తున్నాయి.

నీ తమ్ముడు


మేడ మీద గది
జూలై 19

తమ్ముడూ,

"మరి నాకెలా తెలుస్తుంది" అన్న మాటకి నేనూ వదినా పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం. వదిన నవ్వి ఎన్నాళ్ళయిందో. దానికొక చిన్న చీటీ రాసి ఇందులో పెట్టాను, నువ్వు చదవకు, దాని చేతికివ్వు. జవాబు రాయించి పంపు. తప్పులుంటే దిద్దకు, నేను చూసుకుంటాను.

పాలరాతి మాట విని సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది, నీ దగ్గర దాపరికమేముంది! ఇరవై నాలుగేళ్ళు బీరువా తలుపు మీద రాసినదాన్ని, ఒక్క ముక్క రాతి మీదకెక్కబోతోంది.

అక్క


కొత్త ఆఫీసు గది
సెప్టెంబరు 3

అక్కా,

ఉత్తరం ఆలస్యమైనందుకు తిట్టకు. ఊపిరి సలపని పని.

కొత్త భవనం ప్రారంభం ఆగస్టు 27న బాగా జరిగింది. మూడంతస్తులు, పద్దెనిమిది గదులు. సైన్సు గదిలో కిటికీలు ఎంత పెద్దవంటే రేవులో ఓడలన్నీ కనపడతాయి. పిల్లలు ఆరు భాషల్లో పాడారు. అయిదో భాషలో పాట మధ్యలో మరిచిపోయి మొదటి భాషలోకి వచ్చేశారు, ఎవరూ కనిపెట్టలేదు. నేను నలిగిన చొక్కాతోనే వేదికెక్కాను. మండలి అధ్యక్షుడు వెనక నుంచి కాలర్ సర్దాడు.

వాన వల్ల మైదానంలో బురద, కుర్చీలు దిగబడిపోయాయి. వంటావిడ నాలుగు వందల మందికి టీ పెట్టింది. గుర్తింపు పత్రం గాజు చట్రంలో పెట్టి గోడకి తగిలించాం. వచ్చే ఏడాదికి ఇంకో రెండు వందల మంది పిల్లలు చేరతారని అంచనా. గ్రంథాలయానికి మూడు పెట్టెల పుస్తకాలు ఓడలో వచ్చాయి. సంగీతానికి కొత్త టీచరుని తీసుకున్నాం, గొంతు బాగుంటుంది గానీ వేళకి రాడు.

వదినగారి ఆరోగ్యం జాగ్రత్త. నీ మోకాళ్ళకి ఆ నూనె రాస్తున్నావా?

నీ తమ్ముడు


మేడ మీద గది
సెప్టెంబరు 12

తమ్ముడూ,

నాలుగు పేజీలు రాశావు. కిటికీలెంత పెద్దవో రాశావు, టీ ఎవరు పెట్టారో రాశావు, సంగీతం టీచరు వేళకి రాడని కూడా రాశావు. ఎందుకమ్మ ఊసే లేదు. నేను పంపిన చీటీ ఏమైంది? సైన్సు గదిలో మొదటి బల్ల మీద ఎవరు కూర్చుంటున్నారు?

పాలరాయి మాట కూడా ఎత్తలేదు. చెక్కేవాడు అక్షరం తప్పు చెక్కాడా ఏమిటి?

అక్క


కొత్త ఆఫీసు గది
సెప్టెంబరు 25

అక్కా,

ఎందుకమ్మ వాళ్ళు ఇక్కడి నుంచి వెళ్ళిపోయారు. మేనమామ ఉండే ఊళ్ళో ఉంటున్నారు. సిమెంటు గోదాములో పని ఆయనకి. నీకు బస్సులో రెండు గంటల దూరమే. అక్కడ మంచి బడిలో చేరిందని విన్నాను. నీ చీటీ ఇవ్వడం కుదరలేదు, నా దగ్గరే భద్రంగా ఉంది.

రాతి పని ఆగింది. మండలిలో వేరే ఆలోచనలున్నాయి.

ఇక్కడంతా బాగున్నాం.

నీ తమ్ముడు


మేడ మీద గది
అక్టోబరు 8

తమ్ముడూ,

"ఇక్కడంతా బాగున్నాం" అని రాశావే, ఆ వాక్యం దగ్గర నీ చేతిరాత చిన్నప్పుడు అద్దం పగలగొట్టి "నేను కాదు" అన్నప్పటి నీ గొంతులా ఉంది. అందుకే వంటావిడకి విడిగా ఉత్తరం రాశాను. ఆవిడకి చదువు నేర్పింది నేనే. పాపం, మూడు వాక్యాలు రాసింది. ఇస్త్రీ ఆవిడ ఆగస్టులో పోయింది. పిల్ల పదిహేడు రోజులు బడికి రాలేదు. మన వాళ్ళెవరూ వెళ్ళలేదు.

మూడో వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. మన వాళ్ళెవరూ వెళ్ళకపోవడమేమిటిరా? బడి పక్క వీధే కదా ఆ షెడ్డు! నా దగ్గర దాచాల్సినంత పని ఏం చేశావు? నాకు కోపంగా ఉంది. భయంగా కూడా ఉంది. ఏదీ వదలకుండా రాయి. నేను తట్టుకోలేనేమోనన్న బెంగ నీకొద్దు.

అక్క


ఇస్త్రీ షెడ్డు
అక్టోబరు 13

అక్కా,

ఆఫీసులో కూర్చుంటే చెయ్యి ఆడటం లేదు, అందుకే ఇక్కడికొచ్చి రాస్తున్నాను. ఈ షెడ్డు ఇప్పుడు ఖాళీ. ఇస్త్రీ బల్ల మీదే కాగితం పెట్టుకున్నాను. బల్ల పక్కన ఒక చెక్కపెట్టె బోర్లించి ఉంది. ఎందుకమ్మ దాని మీదకెక్కి ఇస్త్రీ చేసేదట.

ఆగస్టు రెండో వారంలో వాళ్ళమ్మకి జ్వరం వచ్చింది, తర్వాత కామెర్లు. షెడ్డు మూస్తే బట్టలు వేరేచోటికి పోతాయని భయపడింది. పిల్ల బడి మానేసి బట్టలు ఇస్త్రీ చేసింది, ఇళ్ళకి తీసుకెళ్ళి ఇచ్చింది. తల్లికి గంజి కాచి పోసింది. తొమ్మిదేళ్ళ పిల్ల, అక్కా. మన టీచర్ల బట్టలు కూడా అదే చేసింది. సాయంత్రం మన కాపలాదారు చేతికిచ్చి వెళ్ళేది. పొద్దున్నే నేను ఆ చొక్కా తొడుక్కుని, మందిరంలో నిలబడి, "ఈ రోజు రానివాళ్ళందరి కోసం" అని కళ్ళు మూసుకునేవాణ్ణి. పదిహేడు రోజులు.

దాని క్లాసు టీచరమ్మ కొత్తావిడ. రోజూ యంత్రంలో రాలేదని నొక్కింది, ఆవిడ పని ఆవిడ చేసింది. మెసేజ్‌లు వెళ్ళాయి. ఎందుకమ్మ వాటిని వాళ్ళమ్మకి చదివి వినిపించేదట. వాళ్ళు మన కోసం ప్రార్థిస్తున్నారంటమ్మా అని. రెండిళ్ళ అవతల పిల్ల మన బడిలోనే చదువుతోంది, దానికి అన్నీ తెలుసు. "ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. "పేరు చదవలేదు కదా సార్, ముందుకు రావాలని తెలీలేదు" అంది.

ఇక ఇది రాయకుండా తప్పించుకోలేను. ఆగస్టు 26న, ప్రారంభానికి ముందురోజు సాయంత్రం, నా తెల్ల చొక్కా రాలేదు. నేనే ఈ షెడ్డుకి వచ్చాను. పిల్ల కోసం రాలేదక్కా, చొక్కా కోసం వచ్చాను. వీధిలోంచే "చొక్కా అయిందామ్మా?" అని కేకేశాను. లోపల్నుంచి ఎందుకమ్మ వచ్చింది. "అమ్మ లేవట్లేదు సార్, పెట్టె మీద నుంచి దిగి చూస్తే లేవట్లేదు" అంది. చేతిలో నా చొక్కా ఉంది. ఒక చెయ్యి ఇస్త్రీ అయింది, రెండోది కాలేదు.

మన ఆసుపత్రి డాక్టరమ్మని పరిగెత్తించాను. అప్పటికే అయిపోయింది. వారం ముందు తెచ్చుంటే బతికేదంది. ఆసుపత్రి గది ఇక్కడికి నూట యాభై అడుగులు. నేను కొలిచాను.

ఎందుకు దాచానంటే, ఆ వాక్యం నువ్వు రాసింది కాబట్టి. మానెయ్ అన్నది నువ్వు కాబట్టి. ఇది తెలిస్తే ఆ చావు నీ మీద వేసుకుంటావని తెలుసు. నేనే మొయ్యాలనుకున్నాను. కానీ నువ్వు ఊరుకోవు కదా! అడిగింది నేను, చేసింది నేను, పిల్ల నా గదిలోకొచ్చి మరి నాకెలా తెలుస్తుందంటే నవ్వి పంపేసింది నేను. నీ తప్పేం లేదు. ఈ ఒక్కమాట నమ్ము.

మర్నాటి నుంచి మళ్ళీ పేర్లు చదువుతున్నాం. పిల్లల్ని కూర్చోబెట్టి చదువుతున్నాను. ఆ చిన్న మార్పు అప్పుడెందుకు తట్టలేదో! తనిఖీ వాళ్ళు ఏమన్నా అననీ. రాయి చెక్కడం అయిపోయింది, దాన్ని గుమ్మం దగ్గర పెట్టనివ్వలేదు. సామాన్ల గదిలో గోడ వైపు తిప్పి ఉంది.

రిజిస్టర్లోంచి ఎందుకమ్మ పేరు కొట్టెయ్యడానికి మాత్రం నాకు చెయ్యి రాలేదు. రోజూ దాని పేరు కూడా చదువుతున్నాను. దగ్గర్లో ఉండేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఎవరూ ముందుకు రారు. కాసేపు ఆగి తర్వాతి పేరుకి వెళ్తాను. దానికోసం నేను చెయ్యగలుగుతున్నది ఇదొక్కటే.

క్షమించు.

నీ తమ్ముడు


బస్ స్టాండు దగ్గర నర్సు ఇల్లు
అక్టోబరు 19

తమ్ముడూ,

నీ తప్పేం లేదని రాశావు. ఉంది. నువ్వు చిన్నప్పట్నుంచి నా వెనక దాక్కునేవాడివి, ఇప్పుడు నన్ను నీ వెనక దాచాలనుకున్నావు. సంతోషమేగానీ నేను అక్కడ పట్టను. మానెయ్ అన్నది నేనే. మూడుసార్లు ఉత్తరం చదివి ఒక్క నిమిషమైనా ఆలోచించకుండా రాశాను. పొగడ్త తలకెక్కి రాశాను. దేవుడికి పేర్లు తెలుసని ఇప్పటికీ నమ్ముతాను. వెళ్ళి తలుపు తట్టాల్సింది మనమని రాయలేదు. మనిద్దరికీ ఆ సగం తెలుసనుకున్నాను. ఆ రాతిని ఏం చేస్తావో నీ ఇష్టం.

నిన్న వదినని పక్కింటివాళ్ళకి అప్పగించి, మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని బస్సెక్కాను. "వెళ్ళు, నేను ఇవాళే చావనులే" అని వదిన దీవించి పంపింది. మేనమామ మంచివాడే. రెండు గదుల ఇల్లు, వాళ్ళవాళ్ళే అయిదుగురు. అయినా పిల్లకి కిటికీ పక్కన చోటిచ్చారు. బడికి పంపుతున్నారు. అంతవరకు నువ్వు రాసింది నిజమే.

నన్ను చూసి పరిగెత్తుకొస్తుందనుకున్నాను. లేచి నిలబడి నమస్కారం పెట్టింది. దాని కుడి అరచేతిలో కాలిన మచ్చలు రెండున్నాయి, ఇస్త్రీ పెట్టె పిడి దగ్గరవి. కూర్చోమంటే కూర్చుంది, తినమంటే తింది. ఏం అడిగినా జవాబు చెప్పింది. తిరిగి ఒక్కటి కూడా అడగలేదు. ఇంతకుముందు దాని నోరు మూయించడానికి నా ప్రాణం పోయేది.

మన మీద కోపముందా అని నేనే అడిగాను. లేదంది. నిజంగానే లేదు. తిట్టినా బాగుండేది.

మళ్ళీ మన బడికి వస్తావా, నేనే వచ్చి నీతో ఉంటాను అన్నాను. లేచి లోపలికెళ్ళి వాళ్ళమ్మ ఫోన్ తెచ్చింది. "టీచరమ్మా, నేను ఇంక రానని సార్‌కి రాయరా?" అంది. ఎందుకమ్మా అన్నాను. ఫోన్ నా చేతికిచ్చింది.

నువ్వే చదువు, తమ్ముడూ. "మీ పాప ఈ రోజు బడికి రాలేదు. మీ కుటుంబం కోసం ప్రార్థిస్తున్నాం." నిన్న పొద్దున తొమ్మిదింపావుకి వచ్చింది. మొన్నా వచ్చింది. ఆగస్టు నుంచి బడి ఉన్న ప్రతి రోజూ వస్తూనే ఉంది. నువ్వు దాని పేరు కొట్టెయ్యలేకపోయావు కదా. ప్రేమతోనే ఉంచావు. రిజిస్టరు చూసి పంపే యంత్రానికి అదేం తెలుసు? చచ్చిపోయిన తల్లికి రోజూ నీ పాప రాలేదని చెప్తోంది. పిల్ల దాన్ని చదువుకుంటోంది.

ఫోన్ ఆపెయ్యమ్మా అన్నాను. "ఇందులో అమ్మ గొంతుంది. నన్ను అన్నానికి పిలిచింది ఉంది" అంది. తర్వాత చిన్నగా, "నేను బడి ఎగ్గొట్టలేదు టీచరమ్మా, అమ్మ అలా అనుకుంటుందేమోనని" అంది. దాన్ని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చాను. అది ఏడవలేదు. నా వీపు మీద చెయ్యి వేసి నిమిరింది, వాళ్ళమ్మని పడుకోబెట్టినట్టు.

బస్సు దిగగానే నీకు ఫోన్ చేశాను. నీ హలో వినగానే, ఇది ఫోన్లో చెప్పే మాట కాదని పెట్టేశాను. మాట్లాడకుండా పెట్టేసిందెవరా అని చూస్తుంటావు, అది నేనే. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. మా పక్కవీధి నర్సు ఈ సాయంత్రం రైలుకి మీ ఊరు వస్తోంది. రేపు పొద్దున ఎనిమిదింటికి నీ చేతికిస్తుంది.

తొమ్మిదింపావు లోపల దాని పేరు కొట్టెయ్యి.

అక్క